కార్మెన్ మాతకి ఎదురుగా నాన్న జీపు

ఒతీలియా అక్కకి,

సమస్త బంధువర్గానికీ ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, మన కోళ్లు నాన్న జీపును ఖాళీ చేసినవి.

ఏళ్ల తరబడి కాఫీ షెడ్డులో పడి ఉన్న ఆ బండి, డ్రైవర్లని కాచే కార్మెన్ మాత జీపుల ఊరేగింపులో చర్చి గుట్ట తనంతట తాను ఎక్కకపోతే తుక్కుకి అమ్మేస్తానన్నావు కదా. ఎక్కిందే! కార్బురేటర్లో కందిరీగల గూడు పీకాను, ఇంజను గర్జించింది. అన్ని జీపులకీ ముందు, వెనకొస్తున్న మాత విగ్రహానికి ముఖం పెట్టి, వెనక్కి నడుస్తూ ఎక్కింది.

"ఇదేం చోద్యంరా ఎలియేసెర్, తాగొచ్చావా?" అని తుక్కు కొనే ఫెర్మిన్ అరిచాడు.

"తల్లికి వీపు చూపించకూడదని మా నాన్న పోయేముందు మొక్కుకున్నాడు బాబాయ్. నీ త్రాసు ఇంటికి పట్టుకుపో!" అన్నాను.

ఫాదర్ గారు కళ్లొత్తుకుని మన బానెట్టు మీద రెండుసార్లు పవిత్ర జలం చల్లారు. ఫెర్మిన్ టోపీ తీశాడు.

ఇక అమ్మకం మాటెత్తకు. బావ పాత రెయిన్‌కోటు పంపు, జీపు పైకప్పుకి అతుకెయ్యాలి. నీ మోకాలి నొప్పి తగ్గిందా? మాత మిమ్మల్నందరినీ చల్లగా చూడాలి.

నీ తమ్ముడు ఎలియేసెర్

అడ్రసు పక్కన కాస్త చోటు మిగిలింది. ఆ మొక్కు నీకు గుర్తు రావట్లేదని బుర్ర గోక్కోకు, అది నేనల్లిందే. బండికి రివర్సు గేరొక్కటే పడుతోంది.