గుమ్మడికాయ కీర్తన

శంకర్ నగర్, రాయపూర్
ఆగస్టు, 2022

మా ప్రియదర్శినికి అమ్మ దీవెనలు.

దేవుని దయవల్ల ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసా. పుణేలో నువ్వు వేళకు తింటున్నావని నమ్మడానికి ప్రయత్నిస్తున్నాను.

నాన్న మోకాలి సంగతి అడిగావు. నయమే. రైల్వే గార్డుగా రిటైరయ్యారన్న మాటే గానీ, వీధి మలుపులో ఆటోలకు చెయ్యి ఊపడం మానలేదు. నీ ఆవకాయ కొరియర్‌లో వేశాం. మూత ఊడి ఉంటే అది ఆయన కట్టిన తాడు చలవే.

ఇక మొన్న ఫోన్లో “ఆ పన్నెండు మాటలు వెంటనే మార్చెయ్” అన్నాను. మార్చేసి, ఎందుకమ్మా అని అడిగావు. ఉత్తరంలో రాస్తానని పెట్టేశాను. కాస్త ఓపిక పట్టు, మొదటినుంచి చెప్పనీ.

భన్‌పురి లారీ ఆఫీసుల కోసం, సరుకు రసీదులు రాసుకోవడానికి నువ్వు కష్టపడి సాఫ్ట్‌వేర్ తయారుచేస్తే, ఒకడు కొని గల్లీ అంతటికీ పెన్‌డ్రైవ్‌లో పంచిపెట్టాడు. ఆ రోజు నువ్వు ఏడిస్తే నాకూ అన్నం సహించలేదు. తర్వాత బ్లాక్‌చెయిన్ అన్నావు. లైసెన్సు ఎవరిదో వందల కంప్యూటర్లలో ఒకేసారి రాసి ఉంటుంది, ఒకడు దిద్దితే మిగతావన్నీ పట్టేస్తాయి అన్నావు. అంటే మా చర్చి స్త్రీల సమాజమే కదా అన్నాను. కొత్త లైసెన్సు పుట్టించాలంటే మాత్రం పన్నెండు తెలుగు మాటలు కావాలని, నీకేమైనా అయితే ఇంకొకరికి తెలిసుండాలని వాటిని నాకు చెప్పావు. ఎక్కడా రాయొద్దు, కంఠతా పట్టు అన్నావు.

పట్టాను తల్లీ. నర్సుగా ఎన్ని మందుల పేర్లు గుర్తుపెట్టుకున్నానో నీకు తెలుసు. అలాంటిది గుమ్మడికాయకీ మేనత్తకీ మధ్య ఏముందో రోజూ మరిచిపోయేదాన్ని. చిన్నప్పుడు నీకు బైబిల్ వాక్యాలు కూడా పాట కట్టే కదా నేర్పాను! అలాగే వీటినీ ఒక కీర్తన రాగంలో పెట్టాను. చక్కగా కుదిరాయి. అంట్లు తోముతూ పాడుకున్నాను.

అక్కడే వచ్చింది తంటా. మా క్వయిర్ నడిపే హెలెన్ కిటికీలోంచి విని, “హన్నక్కా, కొత్త పాటా? రాగం బహుత్ అచ్ఛా ఉంది, మాకూ నేర్పు” అంది. రహస్యమని చెబితే రహస్యం ఉన్నట్టు తెలిసిపోతుందని ఊరుకున్నాను. ఒప్పుకున్నాననుకుంది. వారం తిరిగేసరికి స్త్రీల సమాజం మొత్తం హార్మోనియంతో అందుకుంది. పాస్టరు గారు నన్ను పక్కకు పిలిచి, “అంతా బాగుందమ్మా, ఆ గుమ్మడికాయకు ఆత్మీయార్థం ఏమిటి?” అన్నారు. సృష్టి మహిమండీ అన్నాను. వచ్చే ప్రసంగంలో వాడుకుంటానన్నారు.

ఆ తర్వాత భన్‌పురిలో సంఘ వార్షికోత్సవం. లౌడ్‌స్పీకర్లు పెట్టి పాడించారు. ముందు వరసలో జోగయ్య. నీ సాఫ్ట్‌వేర్ పంచిపెట్టిన మహానుభావుడు అతనే. అందరూ చప్పట్లు కొడుతుంటే అతనొక్కడూ వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు. కొత్త లైసెన్సుకు పన్నెండు మాటలు కావాలని ఆ గల్లీలో అందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున్నే మనింటికి వచ్చాడు. “అక్కగారూ, సచ్చీ చెప్తున్నా. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నా. పాడకపోతే ఆ మాటలు యాద్ రావట్లేదు. పాడితేనేమో చోరీకి చెయ్యాడట్లేదు. ఏం చేసేది?” అన్నాడు. నేను నోరు తెరిచేలోగా, “మీ బేటీకి జల్దీ చెప్పండి. మా గల్లీలో పాడకుండానే యాద్ పెట్టుకునే బద్మాష్‌లు ఉన్నారు” అన్నాడు. అప్పుడే నీకు ఫోన్ చేశాను.

నీ కష్టాన్నంతా తీసుకెళ్లి మైకులో పెట్టాను. నన్ను క్షమించు.

కొత్త మాటలు ఈసారి నాన్నకు చెప్పావట. మంచి పని చేశావు, నేనేమీ అనుకోను అని రాద్దామనుకున్నాను. అబద్ధం రాయలేను, మనసులో కాస్త అనుకుంటూనే ఉన్నాను.

ఇంకో సంగతి. ఆయన రోజూ స్నానం చేస్తూ వాటిని గట్టిగా వల్లె వేస్తున్నారు. నాకు పన్నెండూ వచ్చేశాయి. ఎవరి దగ్గరా నోరు మెదపలేదు, రాగమూ కట్టలేదు. ఈసారి నువ్వు వచ్చినప్పుడు వాటిని నువ్వే నా చెవిలో చెప్పు తల్లీ. అప్పుడే మొదటిసారి విన్నట్టు వింటాను.

ఇట్లు,
నోరు కుట్టేసుకున్న
మీ అమ్మ,
హన్నా