వేరు కాపురం పెట్టిన ఫ్లాష్

జూన్ 4

మావయ్యగారు తమ పాత కెమెరా ఫ్లాష్‌ని నిద్ర లేపుతున్నారు. ఏళ్ళ తరబడి పెట్టెలో పడుకున్నదాన్ని లేస్తూనే పనిలోకి తోలకూడదట. కొత్త బ్యాటరీలు వేసి, ఊరికే ఆన్ చేసి బల్ల మీద కూర్చోబెట్టారు. లోపలినుంచి సన్నగా ఈల వచ్చింది, దోమ సంగీతం నేర్చుకుంటున్నట్టు. చాలాసేపటికి వెనకవైపు నారింజరంగు దీపం వెలిగింది. మావయ్యగారి మొహం కూడా.

దాని బల్బు చుట్టూ ఉన్న గిన్నె అన్నం పళ్ళెమంత ఉంటుంది. వెలుతురు కళ్ళలో పొడవదు. పాలు పొంగినట్టు వచ్చి మనుషుల మీద పడుతుంది.

మా ఆయన కొత్త కెమెరా తుడుస్తూ నాతో మాత్రం మెల్లగా చెప్పారు. ఆ ఫ్లాష్‌ని దీనికి తగిలించకూడదట. ఫ్లాష్ అడుగున ఉన్న పిన్నులోంచి కరెంటు కెమెరాలోకి దూకుతుందట. పాత కెమెరాల్లో ఉన్నది రెండు ఇనప రేకులు, తట్టుకునేవి. దీని లోపలంతా కంప్యూటరే. ఒక్క దెబ్బకి మూగబోతుందట. మరి మావయ్యగారికి చెప్పరేం అని అడిగాను. ఆ మొహం చూసి ఎలా చెప్పను, రేపు చెబుతాలే అన్నారు.

జూన్ 5

రేపు వచ్చింది. చెప్పలేదు.

జూన్ 6, మధ్యాహ్నం

చెయ్యి ఇంకా చిమచిమలాడుతోంది.

మా ఆయన బయటికి వెళ్ళారు. నేను కింద మా ఫోటో స్టూడియో నేల తుడుస్తున్నాను. మావయ్యగారు మెట్లు దిగి వచ్చారు, చేతిలో ఫ్లాష్. దీపం వెలుగుతూనే ఉంది. నేరుగా స్టాండు దగ్గరికి వెళ్ళి కెమెరా నెత్తిన ఎక్కించబోయారు.

ఈ ఇంటికి వచ్చాక నేను మావయ్యగారితో ఒక్క మాటా మాట్లాడలేదు. అడిగినదానికి తల ఊపుతాను. మా కోడలు గంటలు కొట్టని గడియారం అంటారు అత్తయ్యగారు, లోలకం మాత్రం ఆడుతుందట. వద్దు అనడానికి ఎంతసేపు? గొంతులోనే ఉండిపోయింది. చెయ్యి వెళ్ళింది. తడి చెయ్యి. రెండింటి మధ్యా పెట్టేశాను.

కొరికింది. అమ్మో అని అరిచాను.

మావయ్యగారి ముందు నా మొదటి మాట అది. కరిచిందా తల్లీ, నా ఫ్లాషా, అంటూ నిలబడిపోయారు పాపం. పెంచిన కుక్క సొంత మనిషినే పట్టుకుంటే చూసినట్టు దాన్ని చూశారు.

జూన్ 6, సాయంత్రం

మా ఆయన వచ్చి కరెంటు కొలిచే మీటరు తీశారు. నాలుగు మాటలు ముందే చెప్పుంటే పోయేది కదరా అన్నారు అత్తయ్యగారు. మీటరు రెండు మొనలూ ఫ్లాష్ అడుగున ఆనిస్తే రెండొందల నలభై వోల్టులు చూపించింది. కెమెరా పుస్తకంలో ఒప్పుకున్నది అందులో పిసరంత. మావయ్యగారు ఆ అంకె మళ్ళీ చూపించమన్నారు. అయితే ఇన్నాళ్ళూ పామును మెళ్ళో వేసుకుని ఇంటింటికీ తిరిగి పసిపిల్లలకి ఫోటోలు తీశానన్నమాట అన్నారు. ఫ్లాష్‌ని తువ్వాల్లో చుట్టి పట్టుకుని పైకి వెళ్ళిపోయారు.

జూన్ 9

మావయ్యగారు కిందికి దిగలేదు.

జూన్ 11

పని మానేశానన్నారట. రేపటినుంచి స్టూడియో ఊసు నా దగ్గర ఎత్తకండి అన్నారట. కిటికీ వైపు తిరిగి కూర్చుంటున్నారు. పళ్ళెం పట్టుకెళితే, పెట్టినది పెట్టినట్టే తిరిగొస్తోంది. నీ చెయ్యి మానింది గాని మీ మావయ్య మానలేదే అన్నారు అత్తయ్యగారు. తిట్టినట్టు అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. ఆ రోజు నేను నోరు తెరిచి ఉంటే?

మా ఆయన పెట్టెలో మిగిలిన ఫ్లాష్‌లన్నీ కొలిచారు. పాతవన్నీ చెడ్డవి కావట, ఒక్కోదానిదీ ఒక్కో గుణమట. ఒక చిన్న ఫ్లాష్ ఆరు వోల్టులే. ఇది నిక్షేపంగా తగిలించొచ్చు నాన్నా అని మెట్ల మీదినుంచి కేక వేశారు. పైన కుర్చీ కిటికీ వైపు ఇంకాస్త జరిగిన చప్పుడైంది.

జూన్ 13

కల. గోడలన్నీ పాలరంగులో ఉన్నాయి. ఎవరో నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు, నేను తల ఊపుతున్నాను. వాళ్ళు వెతుక్కుంటూ నా పక్కనుంచే వెళ్ళిపోయారు.

జూన్ 15

ఎంత మాట వచ్చిందో ఇవాళ!

టీ పట్టుకుని అందరం పైకి వెళ్ళాం. మా ఆయన బతిమాలారు. మధ్యలో పెట్టే అడాప్టర్ ఉంటుంది, కరెంటుని తగ్గించే పంపిస్తుంది, తెప్పిస్తాను నాన్నా అన్నారు. నా దీపానికి మధ్యవర్తి ఒకడా అన్నారు మావయ్యగారు. అప్పుడు అత్తయ్యగారు, పడని రెండింటినీ ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కించడమెందుకు, వేరు కాపురం పెట్టించండి, దూరంగా ఉంటే అత్తాకోడళ్ళు కూడా బంగారంలా ఉంటారు అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. టీ పొలమారింది.

మావయ్యగారు కిటికీ వైపునుంచి అత్తయ్యగారి వైపు తిరిగారు. నిజమేనే, నేను పని నేర్చుకున్నప్పుడు దీపాన్నీ కెమెరానీ కలిపే తీగలెక్కడివి అన్నారు. గది చీకటి చేసి, షట్టర్ తెరిచి పెట్టి, దీపం విడిగా చేత్తో కొట్టి, మళ్ళీ మూసేవారట. చీకట్లో కెమెరా కన్ను తెరిచి ఉన్నా ఏం చూస్తుంది? వెలుతురు ఉన్నంతసేపే చూస్తుంది. కొత్తదానికీ ఆ పద్ధతి ఉంది నాన్నా అని మా ఆయన లేచి నిలబడ్డారు.

మావయ్యగారు మాత్రం లేవలేదు. అది కరిచింది కోడల్ని. కోడలు దాన్ని మళ్ళీ చేత పట్టుకుంటేనే నేను మెట్టు దిగుతాను, లేకపోతే దాన్ని తువ్వాల్లోనే ఉండనివ్వండి అన్నారు.

అందరూ నన్ను చూశారు. తల ఊపాను. నిలువుగా.

జూన్ 16, మధ్యాహ్నం

మావయ్యగారు మెట్లు దిగారు. ముందు ఇది రాసుకోవాలి.

ఫ్లాష్ అడుగున రబ్బరు తొడుగు వేసి నా చేతికిచ్చారు. వేళ్ళు ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో చూపించారు. కెమెరా అక్కడ, నేను ఇక్కడ, మధ్యలో తీగ ముక్కైనా లేదు. అత్తయ్యగారూ మావయ్యగారూ పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. మా ఆయన ఫోకస్ సరిచూసి దీపాలు తీసేశారు. నల్ల తెరలు. పగలు ఎటు పోయిందో.

షట్టర్ తెరిచాను అని మా ఆయన గొంతు. సిద్ధమేనా అమ్మా అని మావయ్యగారి గొంతు.

తల ఊపాను.

సిద్ధమేనా అమ్మా అని మళ్ళీ అడిగారు. మళ్ళీ ఊపాను. ఎవరూ కదల్లేదు. అప్పుడు తెలిసింది, నా జవాబు ఎవరికీ కనబడటం లేదని. భయపడుతోందిరా, వద్దులే, దీపాలు వెయ్యి అంటున్నారు మావయ్యగారు. కుర్చీ కిర్రుమంది.

కూర్చోండి మావయ్యగారూ, కొడుతున్నాను అన్నాను.

చీకట్లో సిగ్గు కూడా ఎక్కడో దారి తప్పినట్టుంది. నొక్కాను. గదంతా ఒక్కసారి పొంగి మళ్ళీ పోయింది. నా కళ్ళలో ఆకుపచ్చగా ఇద్దరు మిగిలారు.

మావయ్యగారు నవ్వుతున్నారు. మూయకురా, తెరిచే ఉంచు, ఇంకోటి ఉంది అన్నారు. చీకట్లో తడుముకుంటూ వచ్చి ఫ్లాష్ తీసుకున్నారు. వెళ్ళి నా కుర్చీలో కూర్చోవమ్మా అన్నారు. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. అత్తయ్యగారు నా చెయ్యి వెతికి పట్టుకుని, ఇప్పటికి గంట కొట్టావే అన్నారు. నేనేదో అంటున్నాను. అంతలో వెలుతురు.

జూన్ 17

ఫోటో చూశాం. మధ్యలో కెమెరా కన్ను మూయలేదు కదా, రెండు వెలుతుర్లూ ఒకే ఫోటోలో పడ్డాయి. ఒకే కుర్చీలో మావయ్యగారూ నేనూ ఉన్నాం. నాలోంచి వారి చొక్కా గుండీలు కనిపిస్తున్నాయి. రెండు మొహాలు కలిసినచోట నోరు ఒక్కటే ఉంది. తెరిచి ఉంది. నాది అన్నారు మావయ్యగారు.

కాదు, నాది అన్నాను.