తొమ్మిదో తేదీ బ్యాకప్

ఫిబ్రవరి 27, 2023. సోమవారం

థండర్ బేలో ఈ పొద్దున మైనస్ ముప్ఫై ఒకటి. కారు ఇంజన్‌కి హీటరు వైరు తగిలించడం మరిచిపోయాను, స్టార్ట్ కాలేదు. డెనీ వచ్చి తన ట్రక్కులో ఎక్కించుకున్నాడు. పన్నెండేళ్ళుగా ల్యాబ్‌లో పక్క పక్క కుర్చీల్లో పనిచేస్తున్నాం. సర్వర్లు అతనివి, వాటిలో ఉండే డేటా నాది. మా ఆయన ఆర్వో పోయాక మా వాకిట్లో మంచు తోసేది కూడా అతనే.

ఈ వారం రిస్టోర్ పరీక్ష చేస్తానని దారిలో చెప్పాను. ఎప్పటి వెక్కిరింతే. "మూడు సర్వర్లున్నాయి హెల్వీ. ఒకటి చస్తే రెండోది లేస్తుంది, అదీ చస్తే మూడోది. ఇంక నీ బ్యాకప్‌లు ఎవడిక్కావాలి? మ్యూజియం పెడతావా?" అన్నాడు. ఆ మూడూ ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసుకునేవేనని, మొదటిది తప్పు రాస్తే మిగతా రెండూ అదే తప్పు రాస్తాయని వందోసారి చెప్పాను. వందోసారి నవ్వాడు.

తెరిచి చూడని బ్యాకప్‌ని నేను నమ్మను. మూడు నెలలకోసారి ఒకటి తీసి, వేరే ఖాళీ మెషీన్ మీద తిరిగి పోసి చూస్తాను. ఎప్పుడూ తాజాది తీసేదాన్ని. ఈసారి మా డైరెక్టర్ మార్జరీ చేత చీటీ తీయించాను. ఫిబ్రవరి తొమ్మిది, మధ్యాహ్నం పన్నెండున్నర బ్యాకప్ వచ్చింది.

ఫిబ్రవరి 28

నలభై నిమిషాల్లో రిస్టోర్ అయింది. లైవ్‌తో, అంటే సర్వర్లలో ఇప్పుడు నడుస్తున్న డేటాతో, పోల్చాను. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఉన్న నీటి పరీక్షల ఫలితాలన్నీ రెండు చోట్లా ఒక్కలాగే ఉండాలి. పాత ఫలితం మీద ఎవరూ చెయ్యి వేయకూడదు.

లక్షకు పైన సరిపోయాయి. పంతొమ్మిది సరిపోలేదు.

మార్చి 1

"బ్యాకప్ చెడిపోయుంటుంది, అవతల పారెయ్" అన్నాడు డెనీ. స్క్రీన్ వైపు చూడకుండానే అన్నాడు.

మార్చి 2, గురువారం

ఎనిమిదో తేదీది రిస్టోర్ చేశాను. సరిపోయింది. పదో తేదీదీ సరిపోయింది. తొమ్మిదోది మళ్ళీ మొదటినుంచి చేశాను. అవే పంతొమ్మిది.

చెడిపోయిన బ్యాకప్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. మధ్యలో ఆగిపోతుంది. అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. పరీక్షపెడితే పట్టుబడుతుంది. ఇది అన్ని పరీక్షలూ పాసయింది. ఇందులో ఉన్నవి శుభ్రమైన అంకెలు. లైవ్‌లో ఉన్నవీ శుభ్రమైన అంకెలే. అంటే రెంటిలో ఒకటి ఎవరో కూర్చుని రాసినది.

మూడు సర్వర్లు ఒక మాట చెబుతున్నాయి, ఒక్క బ్యాకప్ ఇంకో మాట చెబుతోంది. ఓట్లు పెడితే బ్యాకప్ ఓడిపోతుంది.

దాన్ని ఒక చిన్న డిస్కులోకి కాపీ చేసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. ఎందుకు చేశానని ఎవరైనా అడిగితే చెప్పలేను. డెనీకి చెప్పలేదు. అతనికి చెప్పకుండా ఈ ఆఫీసులో నేను చేసిన మొదటి పని ఇదేనేమో.

మార్చి 3

ఆ పంతొమ్మిదీ ఒకే ట్రేలోవి. నీళ్ళలో సీసం ఎంతుందో చూసే పరీక్ష. పద్దెనిమిదింటిలో తేడా ఏమంత కాదు, ఒకటికి బదులు రెండు, సున్నాకి బదులు ఒకటి.

పంతొమ్మిదోది పైక్ నారోస్ స్కూలు. ఉత్తరాన, విమానం తప్ప దారి లేని ఊరు. నడవాలో పిల్లలు తాగే కుళాయి. సీసం లీటరుకి ఐదు మైక్రోగ్రాములు దాటకూడదు. లైవ్‌లో 2. బ్యాకప్‌లో 31.

స్కూలుకి వెళ్ళిన రిపోర్టులో 2 అనే ఉంది. కింద మా కెమిస్ట్ వెర్నా సంతకం. పదకొండేళ్ళుగా ఇక్కడ ఉంది. ఎవరితోనూ కాఫీకి రాదు. మితభాషి అనుకునేదాన్ని. ఈ రోజు ఆమె నా టేబుల్ పక్కనుంచి వెళుతుంటే, ఏం దాచుకుని ఇంత నిశ్శబ్దంగా తిరుగుతోంది అనిపించింది.

మార్చి 6, సోమవారం

శని, ఆదివారాలు ఇంట్లో కూర్చుని ఆమె గురించే ఆలోచించాను. ఈ రోజు ఆమె ఎప్పుడు లాగిన్ అయింది, ఎప్పుడు బయటికి వెళ్ళింది, అన్నీ తీసి చూశాను. సొరుగుకి తాళం వేయడం చూశాను. నడవాలోకి వెళ్ళి ఫోన్ మాట్లాడటం చూశాను. తోటి మనిషి మీద నిఘా వేయడం ఇంత తేలికని నాకు తెలియదు.

ఏదో కాగితం సరిచూడాలని అబద్ధం చెప్పి స్కూలుకి ఫోన్ చేశాను. అక్కడి కాపలాదారు ఎల్రాయ్ ఎత్తాడు. పెద్దాయన, నింపాదిగా మాట్లాడతాడు. "మీ రిపోర్టు వచ్చిందండీ. క్రిస్మస్‌కి పైపులు మార్చారు కదా, అప్పట్నుంచీ ఆ కుళాయి కట్టేసే ఉంచాం. నీళ్ళు మంచివని మీరు రాశాక నేనే విప్పేశా. పిల్లలు ఎగబడ్డారనుకోండి. సీసా నీళ్ళు తాగి తాగి వాళ్ళకి విసుగు పుట్టింది" అన్నాడు.

కట్టేయమని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. ఏ అంకె నిజమో నాకే తెలియదు కదా అనుకున్నాను. మళ్ళీ శాంపిల్ అడగాల్సి రావచ్చు అని మాత్రం చెప్పి పెట్టేశాను.



మార్చి 7

లైవ్‌లో ఆ పంతొమ్మిది అంకెలు ఎప్పుడు చేరాయో, ఎవరు ఎప్పుడు ఏం ఎక్కించారో రాసి ఉండే లాగ్‌లో తవ్వాను. ఫిబ్రవరి తొమ్మిది, మధ్యాహ్నం రెండూ నలభై ఏడు. అన్నీ ఒకే దెబ్బలో. యంత్రం పంపినవి కావు, చేత్తో ఎక్కించినవి. ఎక్కించిన వాళ్ళ అకౌంట్ పక్కనే ఉంది.

హెచ్. నిస్కానెన్.

అది నేనే.

మార్చి 8, ఉదయం 11

పదింటికి మార్జరీ పిలిచింది. నేను వెర్నా లాగిన్‌లు తిరగేస్తున్నట్టు ఆమెకి తెలిసింది. అంతే కాదు, నిన్న నేను చూసిన లాగ్ కాగితం మీద ప్రింటై టేబుల్ మీద ఉంది. నా పేరు కింద పసుపు గీత. "నేను నిన్ను అనడం లేదు హెల్వీ, అడుగుతున్నాను. ఇది నీ పేరేనా, కాదా?" అంది. నా పేరే అన్నాను. "నువ్వే చేశావా?" లేదన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. తేలేదాకా నా అకౌంట్ ఆపేస్తున్నానని చెప్పి, నేను చూస్తుండగానే ఆపించింది.

ఆ లాగ్ చూడగలిగినవాళ్ళం ఈ ల్యాబ్‌లో ఇద్దరమే. ఈ వాక్యం రాయడానికి నాకు గంట పట్టింది.

మార్చి 8, మధ్యాహ్నం 3

గోడ మీది క్యాలెండర్‌లో ఫిబ్రవరి తొమ్మిది గడిలో నా చేతిరాతే ఉంది. "2.15 పన్ను." ఆ మధ్యాహ్నం పన్ను పీకించుకున్నాను. డెనీయే దింపాడు. "ఆఫీసు నేను చూసుకుంటాలే, నువ్వు నోరు మూసుకుని రా. ఛ, కాదు, తెరుచుకుని" అని నవ్వించాడు కూడా. రెండూ నలభై ఏడుకి డాక్టరు నా దవడ మీద బరువు వేసి లాగుతున్నాడు.

నా పాస్‌వర్డ్ అతనికి తెలుసు. ఆర్వో ఆస్పత్రిలో ఉన్న వారం ఫోన్‌లో నేనే చెప్పాను. నాలుగేళ్ళయింది. మార్చలేదు.

ఖాళీ మెషీన్‌కి నా డిస్కు తగిలించి, బ్యాకప్‌తోపాటు వచ్చిన లాగ్‌లు తెరిచాను. సర్వర్ల మధ్య సంబంధం ఎలా ఉందో రాసే లాగ్ వేరు. అసలు సర్వర్ మీద ఆ మధ్యాహ్నానిది తుడిచేసి ఉండటం నిన్నే చూశాను. బ్యాకప్‌లో ఉంది. అంకెలు పన్నెండున్నరవే అయినా, లాగ్‌లు అన్నిటికంటే చివర, ఒంటిగంటకి కాపీ అవుతాయి.

పన్నెండూ తొమ్మిదికి మొదటి సర్వర్‌కి మిగతా రెంటితో సంబంధం తెగిపోయింది. మొదటిది చచ్చిందనుకుని రెండోది పెద్దరికం తీసుకుంది. మొదటిది చావలేదు. తనే పెద్దదాన్ననుకుంటూ పని చేసుకుపోయింది. ఇరవై ఏడు నిమిషాలు ఇంటికి ఇద్దరు పెద్దలు. సీసం పరీక్ష యంత్రం ఆ సమయంలో తన పంతొమ్మిది ఫలితాలూ మొదటిదానికి చెప్పింది. పన్నెండున్నర బ్యాకప్ కూడా మొదటిదాని నుంచే తీసింది. పన్నెండూ ముప్ఫై ఆరుకి సంబంధం కలిశాక, మూడూ కలిసిన క్లస్టర్ రెండోదాని మాట ఉంచి మొదటిది రాసుకున్నదంతా చెరిపేసింది.

ఆ పంతొమ్మిదీ నిజంగా మిగిలింది బ్యాకప్‌లో ఒక్కదానిలోనే. తర్వాత లైవ్‌లో కనపడినవి ఎవరో కంత పూడ్చడానికి పెట్టినవి.

లేచి వెర్నా దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను, ఆమెని అనుమానించానని కూడా.  "నా వెనకాల టైములు లెక్కేసింది నువ్వేనన్నమాట" అంది. అవునన్నాను. "నన్నడిగితే చెప్పేదాన్ని కదా. భోజనం చేసొచ్చి మూడింటికి చూశా, అన్నీ ఉన్నాయి, అన్నీ బాగున్నాయి, సంతకం పెట్టా. నాకు మాత్రం ఎలా తెలుస్తుంది?" అంది. ఆ కోపం నాకు దక్కాల్సిందే. తర్వాత కోటు వేసుకుని చల్లగదిలోకి వెళ్ళింది. శాంపిల్ సీసాలు అరవై రోజులు దాచి ఉంచుతారు. పైక్ నారోస్ సీసా అరలోనే ఉంది.

మార్చి 9, ఉదయం 11

30. 31. 30.

వెర్నా ఆ సీసా నీళ్ళని మూడుసార్లు పరీక్షించింది. మూడోది వస్తుండగానే మార్జరీతో చెప్పకుండా తనే స్కూలుకి ఫోన్ చేసింది. ఎల్రాయ్ ఒక్క ప్రశ్న కూడా వేయలేదట. ఫోన్ పట్టుకునే నడవాలోకి నడిచి కుళాయి కట్టేశాడట.

వాళ్ళు నాలుగు వారాలు తాగారు. అందులో ఆఖరి ఆరు రోజులు నాకు తెలిసి తాగారు.

మార్చి 9, మధ్యాహ్నం 1

మార్జరీకి చూపిద్దామని వెర్నా కంప్యూటర్‌లో బ్యాకప్‌ల జాబితా తెరిపించాను. తొమ్మిదో తేదీది లేదు. బ్యాకప్‌లు ముప్ఫై ఐదు రోజులు ఉండాలి. ఆ ముప్ఫై ఐదుని ఎవరో నిన్న సాయంత్రం నాలుగింటికి ఇరవై ఒకటి చేశారు. అంతకంటే పాతవన్నీ వాటంతటవే పోయాయి.

నా అకౌంట్ నిన్న పదింటికే ఆగిపోయింది. ఈసారి అతను తన పేరే వాడాల్సి వచ్చింది.

హ్యాండ్‌బ్యాగులోంచి డిస్కు తీసి మార్జరీ టేబుల్ మీద పెట్టాను. ఆమె డిస్కు వైపు కాదు, పక్కనున్న ఆ పసుపు గీత కాగితం వైపు చూసింది. దాన్ని మడిచి చెత్తబుట్టలో వేయబోయి ఆగింది. "ఇది కూడా ఉంచాలి కదూ" అంది.

మార్చి 10, శుక్రవారం

డెనీ పార్కింగ్‌లో ట్రక్కు స్టార్ట్ చేసి కూర్చుని ఉన్నాడు. తలుపు తీసి ఎక్కాను. నేనేం అడగలేదు.

"ఆ రోజు సర్వర్లని కలిపే స్విచ్ పెట్టె మారుస్తున్నా. ఐదు నిమిషాల పని. మధ్యాహ్నం అందరూ తిండికి పోతారు, ఎవడికీ తెలీదనుకున్నా. కేబుల్ తప్పు చోట పెట్టా. అన్నీ కలిపాక చూస్తే పంతొమ్మిది నంబర్లు ఖాళీ. ఏడేళ్ళలో సర్వర్లు ఒక్క సెకను ఆగలేదని మొన్నేగా మార్జరీ అందరి ముందూ నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించింది. ఏం చెప్పను? పోయినేడాది అంకెలు తీసి వేసేశా. ఆ నీళ్ళు మారవు హెల్వీ, ఏ ఏడు చూసినా ఒకటో రెండో."

పైపులు మార్చారు అన్నాను.

"నాకు తెలీదు."

నా పేరుతో ఎందుకు అన్నాను. అద్దం మీది మంచుని గోరుతో గీకాడు.

"నీ పేరైతే ఎవరూ అడగరనుకున్నా. నీ మీద ఎవరికి అనుమానమొస్తుంది?"

ఆ కాగితం మార్జరీకి ఇచ్చినప్పుడు ఏమనుకున్నావు అని అడగలేకపోయాను. అతను ఏడుస్తున్నాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి. నా చెయ్యి అలవాటుగా అతని భుజం దాకా వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను. ఆ స్కూల్లో అరవై నలుగురు పిల్లలున్నారని చెప్పి దిగిపోయాను.

బస్సు నలభై నిమిషాలకి వచ్చింది.

మార్చి 13

అసలు అంకెలు డిస్కులోంచి తీసి లైవ్‌లో పెట్టాను. వెర్నా, మార్జరీ వెనక నిలబడి ఉన్నారు. సెకనులో మూడు సర్వర్లూ ఒప్పుకున్నాయి. డెనీ పెట్టిన అంకెలకీ అంతే చప్పున ఒప్పుకున్నాయి.

డెనీ సామాను ఎవరో అట్టపెట్టెలో సర్దారు. ఎవరో అడగలేదు.

జరిగిందంతా నేను రాసిచ్చిన రిపోర్టు మార్జరీ రెండుసార్లు చదివింది. నాకు మూడో తేదీనే తెలిసిందని, ఆరో తేదీన స్కూలుతో మాట్లాడి కూడా చెప్పలేదని అందులో రాశాను. ఆ రెండు వాక్యాల మీద వేలు పెట్టి, "ఇవి నిన్నెవరూ అడగలేదు. తీసేసినా నేనేమీ అనను" అంది. దయగానే అంది.

ఉంచమన్నాను.

ఈ రోజు స్కూలుకి నర్సుల్ని విమానంలో పంపారు. పిల్లలందరికీ రక్తపరీక్ష.

మార్చి 17, శుక్రవారం

అరవై రెండు మందికి ఏమీ లేదు. ఇద్దరికి ఉంది.

ఎల్రాయే ఫోన్ చేసి చెప్పాడు. పెట్టేసే ముందు థాంక్సండీ అన్నాడు.

నాకు.