గోడమీది అడ్డగీతలు

తమ్ముడూ మల్లేశూ,

నువ్వు సూర్యాపేట దవాఖానలో కన్నుమూసి నేటికి ఏడాది. మిర్యాలగూడ క్లబ్బులో నీ మార్కర్ పని ఇప్పుడు నేనే చేస్తున్నాను. కోర్టుకు సున్నం వేయడం, జీతానికి ఆఫీసర్లతో టెన్నిస్ ఆడటం. చివరి గేము వాళ్లకే వదలాలన్న రివాజు నువ్వు చెప్పిందే. "కష్టపడి ఓడాలె అన్నా, ఉత్తగ ఓడితే దొరలకు కోపమొస్తది" అనేవాడివి. కోర్టు చదునుచేసే రోలరు ఉంచే గది గోడమీద నువ్వు బొగ్గుతో రాసుకున్న లెక్క అలాగే ఉంది. గెలిస్తే నిలువుగీత, ఓడితే అడ్డగీత. అన్నీ అడ్డగీతలే.

ఇక్కడ నీతో ఆడి, తర్వాత కోదాడకు బదిలీ అయిన తహసీల్దారు ఈ సాయంత్రం మళ్లీ ఆటకు వచ్చాడు. ఐదు–ఐదు దగ్గర ఆగి, అందరికీ వినబడేలా నవ్వాడు. "వీని తమ్ముడు నా మీద ఒక్క ఆట గూడ గెల్వలే. పాపం, వానికి ఆట రాకపాయె."

నా చేతిలో ఉన్నది నీ బ్యాటే. పిడి చెమటకు జారుతోంది. నాది ఆరు అయింది. చివరి గేములోనూ గెలుపుకు ఇంకొక్క పాయింటు. బంతి నెట్టు మీదుగా మెల్లగా లేచి వచ్చింది. వదిలేయాలి. ఇంట్లో పొయ్యి గుర్తొచ్చింది. అయినా కొట్టేశాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"గింత ఆట యాడ నేర్సినవ్‌రా?" అన్నాడు తహసీల్దారు.

"నా తమ్ముడు నేర్పిండు దొరా."

రేపు పని ఉంటుందో లేదో తెలియదు. రోలరు గదిలోకి వెళ్లి ఒక నిలువుగీత గీశాను. నీ వరుసలోనే.