మట్కా అంటే

1983 జూలై, ఖిదిర్‌పూర్ రేవు, కలకత్తా

ఈ మధ్యాహ్నం మా వార్డులో పోలండ్ నావికుడు చనిపోయాడు. ఓడ మెట్ల మీంచి పడ్డాడని నిన్న తెచ్చారు. పొద్దున్నుంచి "మట్కా, మట్కా" అని కలవరిస్తూనే ఉన్నాడు.

"మట్కా అంటే హిందీలో కుండ కదేటి? నీళ్లడుగుతన్నాడు సిస్టరమ్మా," అంది ఆయా సరళమ్మ.

చెంచాతో పెదాలు తడిపాను. మొహం తిప్పేసుకున్నాడు. మళ్లీ అదే మాట.

సాయంత్రం వాళ్ల ఓడ అధికారి వచ్చాడు. పోలిష్‌లో ఆ మాటకు అమ్మ అని అర్థమట. జర్మన్ ముట్టర్, స్పానిష్ మాద్రే, ఇంగ్లీషు మదర్, సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న మాత, అన్నీ ఒకే పాత మాటకు పుట్టినవట.

"వాళ్లమ్మకు కబురు నేనే పంపాలి. చివర్లో ఏమన్నాడని చెప్పను?" అన్నాడు.

"అమ్మనే పిలిచాడని చెప్పండి," అన్నాను.

ఎవరైనా పలికారా అని ఆమె అడిగితే అతనేం చెబుతాడో...