ఇంతకన్నా పెద్దవి కాని అక్షరాలు

బుధవారం, అశోక్‌నగర్ హాస్టల్

కొత్త ల్యాప్‌టాప్‌లో అక్షరాలు పెద్దవి చేయమని రూమ్మేట్ స్వప్నను అడిగాను. సెట్టింగ్స్ తెరిచి కొద్దికొద్దిగా పెంచింది.

"ఇప్పుడు కనిపిస్తున్నదా అక్కా?"

"ఇంకా జర పెంచు."

నాలుగోసారి ఆగింది. "ఇంతకన్న పెద్దగ కాదక్కా. నీకు నిజంగ కనిపిస్తలేదా?"

కంటి నరాలు ఎండిపోతున్నాయనీ మందు లేదనీ డాక్టర్ చెప్పి ఆరు నెలలైంది. ఇంట్లో కూడా దాచాను. గ్రూప్స్ చదువు మానేసి రమ్మంటారని భయం. ఈరోజు స్వప్నకు చెప్పేశాను. ఆమె కళ్లు తుడుచుకుని, తెర మీద ఉన్నది చదివి వినిపించే గొంతు ఆన్ చేసింది. అది గడగడా చదువుతుంటే భరించలేకపోయాను.

"బంద్ చెయ్! నాకింకా కనిపిస్తది!" అని అరిచాను.

స్వప్న వెంటనే ఆపేసింది. నేను చెప్పింది అబద్ధమని ఆమెకు తెలుసు. ఇప్పుడు రాసిన ఈ పేజీని కూడా నేను చదువుకోలేను.