సంధ్యారాణి ఇక్కడ ఉండదు

మార్చి 3, 2025

ఫారం వచ్చింది. పద్నాలుగు పేజీలు. ఇచ్ఛాపూర్ అవతల మిలిటరీ సామాన్లు రిపేరు చేసే సర్కారు వర్క్‌షాప్‌లో టెక్నీషియన్ పోస్టు. పరీక్షలో తొమ్మిదో ర్యాంకు. కానీ పోలీస్ వెరిఫికేషన్ క్లియర్ అయితేనే జాయినింగ్. ఏప్రిల్ 30 లోపు రిపోర్ట్ అందకపోతే ఆఫర్ క్యాన్సిల్ అని కింద చీమ తలకాయంత అక్షరాల్లో రాశారు.

విదేశాల్లో బంధువులున్నారా అని ఒక ప్రశ్న. మాకు పక్కనున్న బార్డోలీలోనే ఎవరూ లేరు. తండ్రి పుట్టిన తేదీ ఏదని ఇంకొకటి. నాన్నను అడిగితే మక్కలు ఇరిసే రోజులల్ల పుట్టిన, గంతే ఎర్క అన్నాడు. మొక్కజొన్న కోతల కాలాన్ని ఏ డబ్బాలో రాయాలో ఫారం చేసినవాడే చెప్పాలి.

కుటుంబంలో ఎవరినైనా అరెస్టు చేశారా? నాన్న ఫారం నా వైపు తోసి, లేదని రాయి బిడ్డా అన్నాడు.

మార్చి 4

అది అబద్ధం కాదు. నేను ఏడో క్లాసులో ఉన్నప్పుడు మా తెలుగు గల్లీలో లూమ్‌ల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాళ్లు కూలి పెంచమని పని బంద్ పెట్టారు. లూమ్‌ల మాలిక్ మనుషులు పోలీసులను వెంటేసుకుని, పేర్లు రాసిన కాగితంతో గల్లీలోకి వచ్చారు. మొదటి పేరు గణపతి కాకది, డిమాండ్ల కాగితం రాసింది ఆయనే. రెండోది సోమలింగం, అంటే మా నాన్న. ఇద్దరూ మా కింది గదిలో ఉండే పోశమ్మ అవ్వ బియ్యం బస్తాల వెనక మూడు రోజులు దాక్కున్నారు, దొరకలేదు. అవ్వ మెట్ల దగ్గర కూర్చుని, వచ్చినవాడికల్లా మాలూమ్ నహీ, తెలియదు అని చెప్పింది. ఆమెకు వచ్చిన హిందీ ఆ రెండు ముక్కలే.

అప్పటినుంచి మా గల్లీలో అదే రూలు. కాగితం పట్టుకుని పేరు అడిగేవాడికి ఎవరూ ఎవరికీ తెలియరు.

మార్చి 19

చిరంజీవికి క్లియరెన్స్ వచ్చేసింది. నాతోపాటే సెలెక్ట్ అయ్యాడు, నలభై ఒకటో ర్యాంకు. పోయినేడు కిమ్ అనే ఊళ్లో పని చేసేటప్పుడు తోటివాడి చెయ్యి విరగ్గొట్టాడు. ఆ కేసు రాజీ అయింది. చిరంజీవి వాళ్ల మామ ఆఫీసులోనే కానిస్టేబుల్ ఏసీ కింద కూర్చుని, చాయ్ తాగుతూ, అక్కడికక్కడే రిపోర్ట్ రాసేశాడట. మంచి ఖాందాన్ అని కూడా రాశాడట. ఆ సంగతి వాడే నవ్వుకుంటూ చెప్పుకు తిరుగుతున్నాడు.

దేశానికి ఇక ఢోకా లేదు.

మార్చి 21

తలస్నానం చేశాను. వెరిఫికేషన్‌కు ఎప్పుడొస్తారో తెలియక మూడు రోజులుగా గడప దాటలేదు.

ఏప్రిల్ 2

ఎవరూ రాలేదు.

ఏప్రిల్ 8, సాయంత్రం 5

స్టేషన్‌కు వెళ్లాను. రిపోర్ట్ ఎప్పుడో పైకి వెళ్లిపోయిందట. మార్చి 21 తారీఖు వేసి ఉంది. ఇచ్చిన చిరునామాలో సంధ్యారాణి అనే మనిషి లేదు, ఇరుగుపొరుగుకు తెలియదు అని ఉంది. ఆ రోజు నేను పైన తల ఆరబెట్టుకుంటున్నాను. కానిస్టేబుల్ మహానుభావుడు కింద మెట్ల దగ్గర ఒక ముసలామెను అడిగి వెళ్లిపోయాడు. పదకొండు మెట్లు. అవి కూడా ఎక్కలేదు. ఓటరు కార్డు, కరెంటు బిల్లు, ఆధార్ అన్నీ టేబుల్ మీద పరిచాను. ఆ కానిస్టేబులే వాటివైపు చూడకుండా గ్రౌండ్ రిపోర్టే ఫైనల్ అన్నాడు. గ్రౌండ్ అంటే నిజంగా నేల అనుకున్నాడేమో, పైకి ఎక్కకపోవడానికి.

సాయంత్రం 7

పోశమ్మ అవ్వతో పోట్లాడాను. పోలీసోడు కాయితం పట్టుకొని నీ పేరే అడిగిండు బిడ్డా, నిన్నెట్ల పట్టిస్తననుకున్నవ్ అంది. నా బతుకు నాశనం చేశావు, బుద్ధి లేని ముసలిదానివి అన్నాను. ఆ మాటే అన్నాను. అవ్వ చాటలో రాళ్లు ఏరుకుంటూ కూర్చుంది. నేను పుట్టినప్పుడు బొడ్డు కోసింది ఆమే.

ఏప్రిల్ 11

మళ్లీ వెరిఫికేషన్ చేయాలంటే, ముందు తెలియదని చెప్పిన మనిషే వచ్చి తెలుసని వాంగ్మూలం ఇవ్వాలట. పోలీసుకు అబద్ధం చెబితే కేసు అవుతుంది, ముసలామెకు ఆ సంగతి చెప్పి తీసుకురా అని కానిస్టేబుల్ పళ్లు బయటపెట్టి నవ్వాడు.

నాన్న ఒప్పుకోలేదు. నౌకరి పోతే పోనీ, అవ్వను ఠాణా మెట్లు ఎక్కియ్యకు అన్నాడు. నేను అవ్వను అడగలేదు. అడగాలని మాత్రం ఉంది. ఇది ఇక్కడే రాసుకుంటున్నాను.

ఏప్రిల్ 15

అవ్వ తనే వెళ్లింది. ఎవరు చెప్పారో తెలియదు. ఉతికిన చీర కట్టుకుని, ఒక్కతే షేర్ ఆటో ఎక్కి వెళ్లిందట. నాకు తెలిసి పరుగెత్తేసరికి బెంచీ మీద కూర్చుని ఉంది. సంధ్యారాణి తెలుసా అని వాళ్లు హిందీలో అడిగితే మాలూమ్ అందట. వెనకాల నహీ లేకుండా. ఆ తర్వాత నా పుట్టుక నుంచి డిప్లొమా దాకా మొత్తం తెలుగులో చెప్పిందట. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. వేలిముద్ర వేయించుకున్నారు.

ఆ కాగితం నేను చదివాను. అవ్వ చెప్పింది అందులో ఒక్క ముక్క లేదు. కానిస్టేబుల్ స్వయంగా ఇంటికి వెళ్లాడట, లోపల కూర్చున్నాడట, ముగ్గురు ఇరుగుపొరుగును విచారించాడట. ముగ్గురిలో ఒకరు పక్కింటి లింగవ్వ. ఆమె చనిపోయి రెండేళ్లయింది. పాత ఓటరు లిస్టు చూసి రాసి ఉంటాడు.

నేను నోరు మూసుకున్నాను. నాకు ఉద్యోగం కావాలి.

ఏప్రిల్ 16

అవ్వ తలకు నూనె పెట్టాను. తప్పయింది అన్నాను. గట్టిగ రుద్దు అంది.

ఏప్రిల్ 26

క్లియర్. అభ్యంతరకరమైనదేమీ లేదు, ఇరుగుపొరుగుకు బాగా తెలిసిన వ్యక్తి అని ఉంది. చచ్చిపోయిన లింగవ్వ కూడా నాకు హామీ ఇచ్చింది. నాన్న గల్లీ అంతా జిలేబీ పంచాడు.

మే 5

జాయినయ్యాను. కార్డు మెడలో వేశారు. సెక్యూరిటీ ఆఫీసర్ లోపలికి పిలిచి తలుపు వేశాడు. నువ్వు ఇప్పుడు మా మనిషివి, క్లియరెన్స్ ఉన్న మనిషి మాట మాకు చాలు అన్నాడు. మీ ఏరియాలో లూమ్‌ల వాళ్లను మళ్లీ పని బంద్ చేయిస్తున్న గణపతి అనేవాడు ఉన్నాడట, ఎక్కడుంటాడు అని అడిగాడు. చేతిలో కాగితం ఉంది.

మాలూమ్ నహీ సార్ అన్నాను.

రాసుకున్నాడు.